సగం వాడిన రీలు

ఆ కెమెరా ఇంటికి తెచ్చుకున్న రోజు నా సంబరం మీరు చూడాల్సింది. "కోతికి కొబ్బరికాయ దొరికింది" అంది మా ఆవిడ. నేను కాదనలేదు. నిజంగానే దొరికింది మరి.

ముప్ఫై ఏళ్ళు ఫోటో స్టూడియో నడిపినవాణ్ణి. అప్పటికి మూసేసి ఆరేళ్ళయింది. నా చదువు పదో తరగతితో సరి. కానీ వెలుతురు గురించి అడగండి, మీరు కుర్చీలోంచి లేచి పారిపోయేదాకా చెప్తాను. ఇప్పుడు ఫోటో తీయడమంటే తుమ్మినంత తేలికైపోయింది. మా రోజుల్లో రీలుకి పన్నెండే ఫోటోలు. నెగిటివ్ చతురస్రంగా, బిస్కెట్టంత ఉండేది. అందులో మనిషి కనురెప్పల వెంట్రుకలు కూడా లెక్కపెట్టచ్చు. నా దగ్గరున్న ఆ రకం కెమెరాని స్టూడియోతో పాటే అమ్మేసుకున్నాను. అమ్మిన మర్నాటినుంచీ ఏడుస్తూనే ఉన్నాను.

మళ్ళీ కొనాలని ఎందుకు పుట్టిందంటే, మా మనవరాలి కోసం. మా ముందు గదిలో మా అమ్మాయి ఫోటో ఒకటుంది. తొమ్మిది నెలల పసిపిల్లగా, చెక్క కుర్చీలో, రాణీగారిలా కూర్చున్న ఫోటో. నేనే తీశాను. దాని పక్కన ఒక మేకు ఖాళీగా ఉంది. మనవరాలు అదే వయసులో, అదే కుర్చీలో కూర్చున్న ఫోటో ఆ మేకుకి తగిలించాలని నా కోరిక.

వచ్చిన చిక్కల్లా ఒక్కటే. పిల్ల కూర్చోదు.

అప్పటికి తొమ్మిదో నెల వెళ్ళిపోతోంది. బొద్దుగా ఉంటుంది, నవ్వుతుంది, నేలంతా దొర్లుతుంది. అందుకే నేను 'గుండ్రాయి' అని పేరు పెట్టాను. కూర్చోబెడితే మాత్రం తడిసిన గోనెసంచిలా పక్కకి ఒరిగిపోతుంది. డాక్టరమ్మ చూసి, "ఇంకో నెల చూద్దాం, అప్పటికీ లేకపోతే పరీక్షలు చేయిద్దాం" అంది. ఆ మాట విన్నప్పటినుంచీ, పురిటికొచ్చి ఇంకా మా దగ్గరే ఉన్న మా అమ్మాయి పైకి నవ్వుతూనే ఉంది కానీ, స్నానాల గదిలో కుళాయి విప్పి ఎక్కువసేపు ఉంటోంది. కుళాయి చప్పుడెందుకో కన్న తండ్రికి తెలియదా?

అలాంటి సమయంలో, పాత కెమెరా ఒకటి అమ్మకానికి ఉందని తెలిసింది. పరుగెత్తుకెళ్ళాను.

అమ్మే ఆయనకి నలభై ఏళ్ళుంటాయేమో. మేడ మీద వాటా. బల్ల మీద నల్ల ముఖమల్ గుడ్డ చుట్టి పెట్టాడు. విప్పాడు. రెండు కళ్ళ కెమెరా! ఒకదాని కింద ఒకటి రెండు లెన్సులు. పైది మనం చూడ్డానికి, కిందది ఫోటో పడడానికి. మూత తెరిచి, తల వంచి, బావిలోకి తొంగిచూసినట్టు చూడాలి.

"మా మావయ్యదండీ. పోయిన ఏడాది పోయాడు. పిల్లల ఫోటోలకి ఆయన పెట్టింది పేరు."

"ఊరికే రాదు బాబూ పేరు. పిల్లల్ని కదలకుండా ఆపడం బ్రహ్మవిద్య" అన్నాను, లెన్సులోకి టార్చి వేసి బూజు వెతుకుతూ. బూజు లేదు. షట్టరు నొక్కితే ఒక సెకను సరిగ్గా లెక్కపెట్టినట్టు 'జ్‌ర్‌ర్... టక్' మంది.

"ఆపేది ఆయన కాదండీ. మా అత్త. కుర్చీలో తను కూర్చుని నెత్తిమీదనుంచి ఈ గుడ్డే కప్పుకునేది. ఒళ్ళో పిల్లని పెట్టుకుని, గుడ్డ లోపలినుంచే నడుం పట్టుకునేది. ఫోటోలో పిల్ల ఒక్కతే ఉన్నట్టుండేది."

నాకు తెలిసిన పద్ధతే. మా గురువుగారి స్టూడియోలో కూడా ఉండేది. వెనక పరదా నలుపు, మీద గుడ్డ నలుపు, మధ్యలో మనిషి ఉన్నట్టే తెలియదు. మామూలుగా తల్లినే కూర్చోబెట్టేవాళ్ళం. గుడ్డ కింద ఆవిడకి ఏమీ కనిపించదు కదా, ఫోటో పడ్డాక మేమే చెప్పేవాళ్ళం: "అయిందమ్మా." ఆ మాట వినిపిస్తేనే ఆవిడ చేతులు సడలించేది.

"మా అత్తకి పిల్లల్లేరు" అన్నాడాయన. "ఎవరి పిల్లనైనా తల్లి దగ్గర లాక్కుని మరీ ఒళ్ళో పెట్టుకునేది. మావయ్య 'అయిందమ్మా' అన్నా, ఒక్కోసారి వదిలేది కాదు. రెండోసారి అనాల్సొచ్చేది. తను పోయి పన్నెండేళ్ళయింది. అంతే, ఆ రోజునుంచీ మావయ్య పిల్లల ఫోటోలు తీయలేదు."

కెమెరా తిప్పి చూశాను. వెనక ఎర్రటి బుల్లి అద్దం ఉంటుంది, లోపల ఎన్నో ఫోటోలో ఉన్నామో అంకె కనిపించడానికి. అందులో ఎనిమిది కనిపించింది.

"బాబూ, లోపల రీలుంది. ఎనిమిది తీశారు, నాలుగు మిగిలాయి."

ఆయన ముఖం అదోలా పెట్టాడు. "తీసి పారేయండి మాస్టారూ. మావయ్య చివర్రోజుల్లో ఆ రీలు ముట్టుకోవద్దనేవాడు. ఆ గుడ్డ కూడా పట్టుకుపోండి, మా ఇంట్లో ఎవరూ వాడరు."

బేరం కూడా ఆడలేదు ఆయన. నేనిస్తానన్నది పుచ్చుకుని, నేను మెట్లు దిగకముందే తలుపేసుకున్నాడు.

ఇక్కడ నా తప్పు చెప్పుకోవాలి. మా గురువుగారి శాసనం ఒకటుంది: పరాయివాడు సగం వాడిన రీలు మీద నీ ఫోటో తీయకు. ఎవడు మొదలుపెట్టిన రీలు వాడే ముగించాలి. ఎందుకండీ అంటే, "ఫిలిం ఎప్పటిదో, ఎండలో నానిందో, నీకేం తెలుసురా?" అనేవారు. అంతే కారణమనుకున్నాను అన్నాళ్ళూ. కానీ ఫిలిం ఇప్పుడు దొరకడం గగనం. నాలుగు ఫోటోలు పారేయడానికి నాకు చేతులు రాలేదు. ఫోటోగ్రాఫరు చేతికి ఫిలిం, ఆకలిగొన్నవాడి చేతికి అన్నం... పారేయమంటే పారేస్తాడా?

మర్నాడు పదకొండింటికి ముందు గదిలో కిటికీ పక్కన పాత కుర్చీ వేశాను. వెనక ఒక దిండు, పక్కల రెండు పెట్టి, వాటి మీద ఆ నల్ల గుడ్డ పరిచాను. దులుపుతుంటే పౌడరు వాసన వచ్చింది. పౌడరుతో పాటు, పాలు విరిగి ఆరిపోయిన బట్టకొచ్చే పుల్లటి వాసన.

"అమ్మడూ, నువ్వు గుడ్డ కింద కూర్చుని పట్టుకోవే" అన్నాను.

"నా వల్ల కాదు నాన్నా. అది కంపు కొడుతోంది. ఊపిరాడక నేను పోతే నీ మనవరాల్ని నువ్వే పెంచుకోవాలి."

"పెంచుతారు" అంది మా ఆవిడ గుమ్మంలోంచి. "ఆయన్ని పెంచుతున్నదెవరో ఆయనకింకా తెలీదు."

అమ్మాయి పిల్లని దిండ్ల మధ్య దించింది. పడబోతే అందుకోవడానికి నా పక్కనే నిలబడి, గిన్నె మీద చెంచాతో వాయించడం మొదలుపెట్టింది. నేను తల వంచి కెమెరాలోకి చూశాను.

పిల్ల ఒరగలేదు.

నిటారుగా కూర్చుంది. చేతులు ఆడించలేదు, కాళ్ళు తన్నలేదు. గిన్నె చప్పుడుకి ఇటు చూడనైనా చూడలేదు. తల వెనక్కి వాల్చి, పైకి చూస్తోంది. నవ్వుతోంది. గది మసక, ఫిలిం పాతది, అందుకని షట్టరు ఒక సెకను తెరిచుండేలా పెట్టాను. పెద్దవాళ్ళే ఒక సెకను కదలకుండా ఉండలేరు. జ్‌ర్‌ర్... టక్. తొమ్మిది. జ్‌ర్‌ర్... టక్. పది. పదకొండు.

"దిండ్లు భలే ఆపాయి నాన్నా!" అంది అమ్మాయి. పిల్లని ఎత్తుకోబోయి ఒక్క క్షణం ఆగింది. "అబ్బ, ఎంత బరువెక్కిందిది!" గట్టిగా లాగితే వచ్చింది.

ఒకటి మిగిలింది. రీలు ముగించాలి కదా అని ఖాళీ కుర్చీ మీదే నొక్కేశాను. పన్నెండు.

'అయిందమ్మా' అనలేదు. ఎవరితో అంటాను? గుడ్డ కింద ఎవరూ లేరుగా.

తర్వాత గుడ్డ లాగాను. కింద దిండ్లు లేవు. మూడూ కుర్చీ వెనక నేల మీద ఉన్నాయి. పడిపోయినట్టు లేవు. ఒకదాని మీద ఒకటి, పొందిగ్గా సర్ది ఉన్నాయి. మా ఆవిడ సర్దిందనుకున్నాను. ఎప్పుడు సర్దిందని మాత్రం అనుకోలేదు. సంబరంలో ఉన్నవాడికి లెక్కలు రావు.

ఫిలిం కడగడానికి నా డార్క్‌రూం మా పెరటి వైపు స్నానాల గది. దానికి కిటికీ లేదు. గాలి రంధ్రానికి అట్ట కొట్టాను. తలుపు కింద సందులోంచి మాత్రం పగటి వెలుతురు కత్తిలా లోపలికొస్తుంది. ఎప్పుడూ పాత దుప్పటి దూర్చేవాణ్ణి. ఆ రోజు చేతిలో నల్ల గుడ్డే ఉంది. దాన్నే దూర్చాను.

లైటు ఆపాను.

బయట మిట్టమధ్యాహ్నం. లోపల కళ్ళు తెరిచినా మూసినా ఒకటే. కుళాయి చుక్క... చుక్క. మందునీళ్ళ ఘాటు. స్టూలు మీద కూర్చుని, రీలు కాగితం విప్పి, వేళ్ళతో తడుముతూ ఫిలింని ప్లాస్టిక్ చట్రంలోకి ఎక్కించాలి. కొన్ని వేల సార్లు చేసిన పని. కానీ అరవై దాటాక నా చేతులు వణుకుతున్నాయి. ఫిలిం అంచు ఎక్కడం లేదు. జారుతోంది. మళ్ళీ. మళ్ళీ జారింది. చెమట కారి కళ్ళలో పడుతోంది.

అప్పుడు పౌడరు వాసన వచ్చింది.

గుడ్డ తలుపు దగ్గరుంది, ఆ వాసనే అనుకున్నాను. కానీ వాసన ముందునుంచి రావడం లేదు. నా మెడ వెనకనుంచి వస్తోంది.

కదల్లేదు నేను.

మోచేతుల కింద మెత్తగా ఏదో ఆనింది. రెండు పక్కలా ఒకేసారి. ముఖమల్ మెత్తదనం. దాని వెనకాల... గట్టిగా, చల్లగా... పట్టు. నొప్పి పెట్టే పట్టు కాదు. కదలకుండా ఆపే పట్టు.

నా చేతుల వణుకు ఆగిపోయింది.

ఫిలిం దానంతటదే ఎక్కినట్టు సర్రున ఎక్కేసింది. చివరిదాకా. ఒక్క మడత లేకుండా.

"ఎవరూ..." అన్నాను.

చుక్క... చుక్క.

చట్రాన్ని వెలుతురు చొరని ట్యాంకులో పెట్టి మూత ఎలా బిగించానో నాకే తెలియదు. లైటు వేశాను. వెనక గోడ తప్ప ఎవరూ లేరు. తలుపు వైపు చూశాను. మూత బిగించేదాకా లేని ఎండ ఇప్పుడు సందులోంచి నేల మీద పడుతోంది. గుడ్డ అక్కడ లేదు.

గుడ్డ నా భుజాల మీద ఉంది.

విదిలించి మూలకి విసిరాను. పారిపోవాల్సింది. కానీ ముప్ఫై ఏళ్ళ అలవాటు మనిషిని గానుగెద్దుని చేస్తుంది. ట్యాంకులో మందు పోశాను. నిమిషాలు లెక్కపెట్టాను. బొమ్మ చెరిగిపోకుండా నిలిపే హైపో పోశాను. కడిగాను. మూత తీసి, తడి ఫిలిం పైకి లాగి, బల్బుకి ఎదురుగా పట్టాను.

నెగిటివ్‌లో అన్నీ తారుమారు. తెలుపు నల్లగా, నలుపు గాజులా తేటగా కనిపిస్తాయి. మీరైతే తికమకపడతారు. నేను పేపరు చదివినట్టు చదువుతాను.

ఒకటో ఫోటో. కుర్చీ. కుర్చీలో గుడ్డ కప్పుకున్న మనిషి. తల, భుజాలు, మోకాళ్ళు. ఒళ్ళో ఎవరూ లేరు.

రెండు. అదే మనిషి. చేతులు కొంచెం ముందుకి వచ్చాయి, గుడ్డ కిందే.

మూడు, నాలుగు, ఐదు... ఒక్కో ఫోటోకి చేతులు ఇంకొంచెం ముందుకి. ఎనిమిదో దాంట్లో రెండు చేతులూ పూర్తిగా చాచి ఉన్నాయి. ఇవ్వమన్నట్టు.

భార్యని కూర్చోబెట్టి ముసలాయన సరదాకి తీసుకుని ఉంటాడులే అని నాకు నేనే చెప్పుకున్నాను. అప్పుడు గుర్తొచ్చింది. రీలు పెట్టిన తేదీ చిన్న పట్టీ మీద రాసి కెమెరాకి అంటించడం మా వాళ్ళందరికీ అలవాటు. దీనికీ ఉంది. నిన్న చూశాను. మూడేళ్ళ కిందటి తేదీ.

ఆవిడ పోయి పన్నెండేళ్ళు.

తొమ్మిదో ఫోటో చూడకూడదనుకున్నాను. చూశాను.

మా గుండ్రాయి. తెల్ల ఫ్రాకు నెగిటివ్‌లో బొగ్గులా ఉంది. ఆ నలుపు మీద, నడుముకి రెండు పక్కలా, తేటగా... వేళ్ళు. గుడ్డ చుట్టుకున్న వేళ్ళు. వెనక భుజాలు. పైన తల, ముందుకి వంగి ఉంది. పిల్ల దాని ముఖంలోకే చూస్తూ నవ్వుతోంది.

పది. పదకొండు. తల ఇంకా, ఇంకా కిందికి వంగింది.

పన్నెండు. ఖాళీ కుర్చీ.

నిజంగా ఖాళీ. గుడ్డ కుర్చీ మీద ఊరికే జారి పడుంది. కింద భుజాల్లేవు, తల లేదు. పిల్ల లేచినప్పుడే... అది కూడా లేచింది.

సరిగ్గా అప్పుడే బయటనుంచి మా ఆవిడ కేక. "ఏమండీ! రండి, త్వరగా రండి! పిల్ల కూర్చుంది!"

ఫిలిం చేతిలోంచి జారిపోయింది. తడి చేతులతో పరుగెత్తాను.

ముందు గది మధ్యలో, వట్టి నేల మీద, గుండ్రాయి కూర్చుని ఉంది. మా అమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. ఈసారి కుళాయి అవసరం లేని ఏడుపు. "చూశావా నాన్నా, తనంతట తనే..."

చూశాను. పిల్ల నిటారుగా లేదు. వెనక్కి వాలి ఉంది. పడక కుర్చీలో కూర్చున్నట్టు, హాయిగా, ఏటవాలుగా. ఆ వాలుకి ఎవరైనా వెనక్కి పడిపోవాల్సిందే. వెనక గోడ లేదు, దిండు లేదు. తల ఎత్తి పైకి చూస్తూ నవ్వుతోంది. ఫ్రాకు నడుం దగ్గర రెండు పక్కలా లోపలికి నొక్కుకుపోయి ఉంది.

నోరు తెరవబోయాను. అమ్మాయి ముఖంలో ఆ వెలుగు చూసి, ఏం చెప్పను? ఎలా చెప్పను?

తను వంగి పిల్లని ఎత్తుకోబోయింది. పిల్ల రాలేదు. "ఏంటే ఇది... నేలకి అతుక్కుపోయావా?" అంటూ నవ్వి, మళ్ళీ లాగింది. ఈసారి నవ్వలేదు. "నాన్నా, రావట్లేదేంటి?"

అన్నాను. మెల్లిగా, స్టూడియోలో అన్నట్టే.

"అయిందమ్మా."

ఏమీ జరగలేదు.

రెండోసారి అనాల్సొచ్చేదన్నాడు కదా, కెమెరా అమ్మినాయన.

"అయిందమ్మా... వదిలెయ్యి."

ఫ్రాకు ఎడమ పక్క ముడతలు ఒక్కొక్కటీ విప్పుకున్నాయి. ఒక వేలు. ఇంకో వేలు. కుడి పక్కవి విప్పుకునేలోపలే అమ్మాయి పిల్లని లాగి భుజాన వేసుకుని వంటగదిలోకి వెళ్ళిపోయింది. "ఏమయింది నాన్నా నీకు, ముఖం అలా పాలిపోయింది?" అంటూ.

ఆ నెగిటివ్‌లు నేను ప్రింటు వేయలేదు. ఫిలిం పాడైపోయిందని చెప్పాను. ఆ మేకు ఇంకా ఖాళీగానే ఉంది. కెమెరా అటక మీద ఉంది. నల్ల గుడ్డ స్నానాల గది మూలనుంచి ఎటు పోయిందో, ఇల్లంతా వెతికినా దొరకలేదు.

గుండ్రాయికి ఇప్పుడు నాలుగేళ్ళు. ఏ పరీక్షలూ అవసరం పడలేదు. కూర్చుంది, నిలబడింది, నడిచింది. ఒక సంగతి చెప్తాను, మీరు నమ్మరు. ఇంతవరకు ఆ పిల్ల ఒక్కసారి కూడా కింద పడలేదు. మోకాలి మీద ఒక్క గీత లేదు. మొన్న బడిలో పరుగు పందెం ఫోటో అమ్మాయి ఫోన్లో చూపించింది. కాలు తట్టుకుని ముందుకి తూలిపోయింది, ముక్కు నేలకి జానెడు దూరంలో ఉంది, అయినా పడలేదు. "భలే ఆపుకుంది కదూ!" అని అందరూ మురిసిపోయారు. నేను ఫ్రాకు చూశాను. కుడి పక్క నడుం దగ్గర బట్ట వెనక్కి లాగి ఉంది.

దగ్గర ఎవరూ లేనప్పుడు నేను చెప్తూనే ఉంటాను. అయిందమ్మా. అయిందమ్మా.

పోయిన వారం అమ్మాయి, పిల్ల వాళ్ళింటినుంచి వచ్చారు. సాయంత్రం అందరం కబుర్లు చెప్పుకుంటున్నాం. పిల్ల గది మధ్యలో నేల మీద ఒంటరిగా కూర్చుని, వెనక్కి వాలి, తనలో తను నవ్వుకుంటోంది. మా అమ్మాయి చేతులు చాచింది.

"నేల చల్లగా ఉందే బంగారూ. రా, అమ్మ ఒళ్ళో కూర్చుందువుగాని."

పిల్ల అక్కడినుంచి కదల్లేదు. వాళ్ళమ్మ వైపు వింతగా చూసింది.

"ఒళ్ళోనే ఉన్నాను కదా" అంది.